మానేసిన రోజు నుంచి మొదలుపెట్టండి: వ్యసనం నుంచి కోలుకునే ఇంటి కథను సినిమాగా రాయడం

డీఅడిక్షన్ వార్డులో రోగుల కుటుంబాలతో మాట్లాడటం నా ఉద్యోగం. ఆ సంగతి తెలిసినవాళ్లు తాగుడు మీదో, మత్తుమందుల మీదో సినిమా రాసుకున్నప్పుడు స్క్రిప్టు తెచ్చి చూడమంటారు. నేను శ్రద్ధగా చదువుతాను. ఎందుకంటే మా దగ్గరికి వచ్చే చాలా కుటుంబాలకు ఈ జబ్బు గురించి తెలిసింది సినిమాల్లో చూసినంతే. తెరమీద తప్పుగా చూపించినదాన్ని మేము మంచం పక్కన నిలబడి సరిదిద్దాల్సి వస్తుంది. రాసేవాళ్లకు ఇన్నాళ్లుగా విడివిడిగా చెబుతూ వచ్చిన మాటలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందుగా, కథ ఎక్కడ మొదలవ్వాలో చూడండి. నాకు వచ్చే స్క్రిప్టుల్లో పతనానికి తొంభై పేజీలు, కోలుకోవడానికి చివరి పదిహేను పేజీలు ఉంటాయి. తాగుతాడు, ఉద్యోగం పోతుంది, భార్య పిల్లల్ని తీసుకుని వెళ్లిపోతుంది, ఏదో ప్రమాదం జరుగుతుంది, ఆసుపత్రి, ఆ తర్వాత ఉతికిన చొక్కాతో ఇంటికి రావడం. ఈ వరస ప్రేక్షకులకు కంఠస్థం. దీన్ని తిరగేయండి. అతను సంచి పట్టుకుని గుమ్మంలో అడుగుపెట్టడంతో సినిమా మొదలుపెట్టండి. 'మళ్లీ తాగుతాడా?' అన్న ప్రశ్నకు ఉన్నవి రెండే జవాబులు. 'ఇతన్ని ఈ ఇల్లు నమ్మగలదా?' అన్న ప్రశ్నకు ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని జవాబులు, అవి కూడా పూటకోలా మారుతుంటాయి. రెండు గంటల సినిమాను మోయగలిగేది ఈ రెండో ప్రశ్నే.

మరి గతం ఎలా తెలుస్తుందని అడుగుతారు. ఇల్లే చెబుతుంది. బీరువాకు కొత్త తాళం ఉంటుంది. స్నానాల గది తలుపు గొళ్లెం ఎవరో బయటినుంచి పగలగొట్టినట్టు ఊడి ఉంటుంది. ఆరేళ్ల పిల్ల తండ్రి చెప్పుల చప్పుడు వినగానే ఆ నడక ఎలా ఉందో వినడానికి ఆట ఆపేస్తుంది. ఈ మూడూ చూపించగలిగితే ఫ్లాష్‌బ్యాక్ అవసరం లేదు.

శరీరం సంగతి ముందు తేల్చుకోండి

ఏ మత్తు, ఎన్నేళ్లుగా, రోజుకు ఎంత, చివరిసారి ఎప్పుడు? మొదటి సీను రాయకముందే ఈ నాలుగింటికీ జవాబు రాసిపెట్టుకోండి. 'మత్తుకు బానిస' అని రాసుకుని ముందుకు వెళితే కుదరదు, ఎందుకంటే ఒక్కో మత్తు శరీరాన్ని ఒక్కో తీరుగా వదులుతుంది.

ఏళ్ల తరబడి రోజూ బాగా తాగిన మనిషి హఠాత్తుగా మానేస్తే 6 నుంచి 12 గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది, నిద్ర రాదు. మూర్ఛలు వచ్చేటట్లయితే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. 2 నుంచి 4 రోజుల మధ్య కొందరిలో డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది. తానెక్కడున్నాడో తెలియదు, గోడల మీద లేనివి కనిపిస్తాయి, జ్వరం, రక్తపోటు పెరుగుతాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. హెరాయిన్ దారి వేరు. చివరి మోతాదు తర్వాత 8 నుంచి 24 గంటల్లో ఆవలింతలు, ముక్కు, కళ్లు కారడం, ఒళ్లంతా గగుర్పాటు, కడుపులో మెలితిప్పడం, విరేచనాలు మొదలవుతాయి. రెండు మూడు రోజులకు పరాకాష్ఠకు చేరి, వారం తిరిగేసరికి తగ్గుముఖం పడతాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో దీనివల్ల చావు రావడం అరుదు. కానీ ఆ మనిషికి మాత్రం చచ్చిపోతున్నట్టే ఉంటుంది.

ఇది తెలిశాక, తల్లి కొడుకును గదిలో పెట్టి తాళం వేసే సీను రాయకండి. ఇది ప్రతి రెండో స్క్రిప్టులో ఉంటుంది. మూడు రోజులు అరుస్తాడు, తలుపు బాదుతాడు, తల్లి గుండె రాయి చేసుకుని బయట కూర్చుంటుంది, నాలుగో రోజు పొద్దున శుభ్రంగా బయటికి వస్తాడు. తాగుడు విషయంలో ఆ మూడు రోజులే అన్నిటికంటే ప్రమాదకరమైనవి. ఆసుపత్రిలో అయితే డయాజిపామ్ లాంటి మందులు ఇచ్చి రోజురోజుకూ మోతాదు తగ్గిస్తారు. మెదడు దెబ్బతినకుండా బి1 విటమిన్ ఇస్తారు. మీ కథకు ఆ తాళం వేసిన గది తప్పదనుకుంటే రాయండి, కానీ తలుపు తెరిచేసరికి కొడుకు మూర్ఛలో ఉండాలి. తల్లి చేసింది ప్రేమతోనే, అయినా అది తప్పే. ఆ రెండూ ఒకేసారి నిజం కావడం మీ సినిమాకు దొరికే బలమైన సీను.

నిద్రమాత్రలకు, ఆందోళన తగ్గించే మాత్రలకు అలవాటుపడినవాళ్లు ఒక్కసారిగా ఆపినా మూర్ఛలు రావచ్చు. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, మాత్రలకు బానిసైన తల్లి కథ నా దగ్గరికి దాదాపుగా రాదు. వార్డుకు మాత్రం అలాంటి తల్లులు వస్తారు, అదీ చాలా ఆలస్యంగా. తండ్రి తాగుడు వీధికి తెలుస్తుంది. తల్లి మాత్రల సంగతి ఇంట్లోవాళ్లే ఏళ్ల తరబడి దాస్తారు. ఎవరైనా ఆ సినిమా రాయాలని మనసారా కోరుకుంటున్నాను.

ఇంకొకటి, అన్నంలోనో పాలలోనో రహస్యంగా మాత్ర కలపడం. డైసల్ఫిరామ్ అనే మందు వేసుకుంటున్న మనిషి తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ వస్తాయి. ఒక్కోసారి రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆ సంగతి తెలిసి, ఒప్పుకుని, వైద్యుడి పర్యవేక్షణలో వేసుకునేవాళ్లకు అది ఉపయోగపడుతుంది. చెప్పకుండా ఇవ్వకూడదు, ఎప్పుడూ ఎవరికీ. మీ సినిమాలో భార్య దాన్ని తెలివైన ఉపాయంలా చేసి గెలిస్తే, చూసినవాళ్లలో కొందరు ఇంటికి వెళ్లి అదే చేస్తారు. కలిపిందని అతనికి తెలిసిపోయే సీను రాయండి. అప్పటిదాకా ఇల్లు అతన్ని నమ్మలేదు. ఇప్పుడు అతను ఇంటిని నమ్మలేడు. కంచం ముందు కూర్చుని తినకుండా ఆగిపోయే మనిషి ముఖం మీద కథ ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది.

ఒక్కొక్కరికీ ఒక కాగితం

నేను ఎక్కువసేపు పట్టుబట్టేది ఇక్కడే. కథానాయకుడి గురించి ఎంత రాసుకున్నారో ఇంట్లో మిగతావాళ్లు ఒక్కొక్కరి గురించీ అంత రాసుకోండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఈ అభ్యాసం చేయండి. రాత్రి పదకొండు గంటలు. అతను ఇంకా ఇంటికి రాలేదు. తాగుడు ముదిరిన రోజులవి. ఆ గంటలో భార్య ఏం చేస్తోంది? పెద్దకూతురు? చిన్నవాడు? అతని తల్లి? ఒక్కొక్కరికీ ఒక పేజీ, వాళ్ల గొంతులోనే రాయండి.

భార్య మర్నాడు ఆఫీసుకు ఫోను చేసి ఏ జబ్బు పేరు చెప్పాలో ఆలోచిస్తోంది. పెద్దకూతురు తమ్ముడికి అన్నం పెట్టి, తలుపు దగ్గర లైటు వేసి ఉంచి, చదువుతున్నట్టు మేలుకుని ఉంది. చిన్నవాడు దుప్పటి ముసుగుపెట్టి నిద్రపోయినట్టు నటిస్తున్నాడు. తల్లి కొంగు ముడిలో కొంత డబ్బు దాచింది. అప్పులవాళ్లు గుమ్మం ముందుకు వస్తే పరువు పోకుండా కొడుక్కి ఇవ్వడానికి. ప్రతి ఒక్కరికీ ఒక ఉద్యోగం ఉంది. ఆ ఉద్యోగం వాళ్లకు ఇష్టం లేదు, కానీ ఏళ్ల తరబడి చేసి చేసి అందులో ఆరితేరారు.

ఇప్పుడు అతను మానేశాడు. అందరి ఉద్యోగాలూ ఒకే రోజు పోయాయి.

కుటుంబ గొడవలంటే కేకలు, కంచాలు విసరడం అనుకుంటారు. తాగే రోజుల్లో అవి ఉంటాయి. మానేసిన తర్వాత వచ్చే గొడవలు మరో రకం, వాటిని ఎవరూ ఊహించరు. పద్నాలుగేళ్ల కూతురు ఇంటిని నడిపింది. ఇప్పుడు తండ్రి లేచి 'ఇంత రాత్రిదాకా ఫోను ఏమిటి?' అంటే ఆ పిల్లకు ఒళ్లు మండుతుంది. ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావని నోటిదాకా వస్తుంది. భార్య డబ్బు లెక్కలన్నీ తన చేతిలోకి తీసుకుంది. వాటిని తిరిగి ఇవ్వాలంటే భయం, ఇవ్వకపోతే తానే కఠినురాలినన్న బాధ. తల్లికి రహస్యంగా ఆదుకోవాల్సిన కొడుకు లేకుండా పోయాడు. ఏమీ తోచక కోడలి మీద పడుతుంది. ఇంకొకరు కూడా ఉంటారు, అతను బాగుపడటం సహించలేనివాళ్లు. తాగుబోతు అన్న ఉన్నంతకాలం మంచి తమ్ముడిగా పేరు తెచ్చుకున్నవాడు అలాంటివాడు. అతన్ని విలన్‌గా రాయకండి. తన చోటు పోయిందన్న దిగులు తనకే అర్థంకాని మనిషిగా రాయండి.

అమెరికాలో షారన్ వెగ్‌షైడర్-క్రూజ్ అనే కుటుంబ చికిత్సకురాలు ఇలాంటి ఇళ్లలో పిల్లలు తీసుకునే పాత్రలకు పేర్లు పెట్టింది. అన్నీ సర్దే హీరో, నిందలన్నీ మోసే బిడ్డ, ఎవరికీ కనబడకుండా పోయే బిడ్డ, నవ్వించి గండం గట్టెక్కించే బిడ్డ. ఆలోచన కదలడానికి ఇవి పనికొస్తాయి, అంతవరకే వాడండి. నిజమైన పిల్లలు పొద్దున ఒక పాత్రలో, సాయంత్రం మరో పాత్రలో ఉంటారు.

కోపం మానేసిన తర్వాతే బయటపడుతుందన్నదానికి నేను అందరికీ చెప్పే ఉదాహరణ ఒకటుంది. తాగుడు మానాలనుకునేవాళ్లు మీటింగుల్లో కలిసి ఒకరికొకరు తోడు నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ 1935లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్‌ల కలయికతో మొదలైంది. బిల్ తాగినన్నాళ్లూ అతన్ని కాపాడుకుంటూ వచ్చిన భార్య లోయిస్, అతను మానేశాక ఒక రోజు మీటింగుకు ఆలస్యమవుతోంది పదమంటే, చేతిలో ఉన్న బూటు అతని మీదికి విసిరింది. తాను ఏళ్లకేళ్లు చేయలేకపోయిన పనిని ఎవరో కొత్తవాళ్లు చేసేశారన్న ఉక్రోషం అది. కుటుంబసభ్యులకూ కోలుకోవాల్సింది ఉందని ఆమె గుర్తించింది. 1951లో అల్-అనాన్ అనే కుటుంబాల సంఘం ఏర్పడటంలో ఆమెది ముఖ్యపాత్ర. మీ కథలో ఆ బూటు ఎవరు విసురుతారో ముందే తెలుసుకుని ఉండండి.

నమ్మకాన్ని లెక్కలో చూపించండి

'నన్ను నమ్ము', 'నేను మారాను' అన్న డైలాగులు కొట్టేయండి. నమ్మకం వస్తువుల్లో కనిపిస్తుంది: తాళాలు, పర్సు, ఫోను, రసీదు. ఒక ఉదాహరణ చూడండి.

వంటగది, ఉదయం. భార్య డబ్బా తీసి కొడుకు పుస్తకాలకు సరిపడా డబ్బు లెక్కపెట్టి ఇస్తుంది.
అతను: 'ఆటోకి?'
ఆమె ఒక్క క్షణం ఆగుతుంది. ఇంకొంత ఇస్తుంది.
సాయంత్రం. అతను పుస్తకాలు, మిగిలిన చిల్లర, రసీదు బల్ల మీద పెడతాడు. ఎవరూ అడగలేదు.
ఆమె: 'అక్కడ పెట్టమని నేను అనలేదే.'
అతను: 'తెలుసు.'
అతను స్నానానికి వెళ్తాడు. నీళ్ల చప్పుడు వినిపించాక ఆమె చిల్లర లెక్కపెడుతుంది.

ఇంతే. ఇందులో ఎవరూ ఏడవలేదు, ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ముప్పావుగంట సినిమా నడిచాక మళ్లీ అదే బల్ల, అదే రసీదు చూపించండి. ఈసారి ఆమె దాని మీద కూరగాయల గిన్నె పెట్టి పనిలో పడిపోతుంది. లెక్కపెట్టలేదన్న సంగతి ఆమెకే తెలియదు, చూస్తున్నవాళ్లకు తెలుస్తుంది. వచ్చే నెల మళ్లీ లెక్కపెట్టవచ్చు. నమ్మకం మెట్లెక్కినట్టు పెరగదు, వెనక్కి జారుతుంది, అది కూడా రాయండి.

క్షమాపణ సీను గురించి ఒక మాట. ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్లు కోలుకోవడానికి పాటించే పన్నెండు మెట్ల పద్ధతిలో ఎనిమిది, తొమ్మిది మెట్లు తాను గాయపరిచినవాళ్లకు జరిగిన నష్టాన్ని సరిచేయడం గురించినవి. అందులోనే ఒక షరతు ఉంది: అలా చేయడంవల్ల వాళ్లకు మళ్లీ గాయం అవుతుందనుకుంటే చేయకూడదు. ఇది రచయితకు పెద్ద వరం. అతనికి చెప్పుకుని తేలికపడాలని ఉంది, ఆమెకు వినాలని లేదు. వినను అనే హక్కు ఆమెకు ఇవ్వండి. కాళ్ల మీద పడి ఏడ్చే మగవాణ్ని వెంటనే లేవనెత్తే భార్య పాత్రలు మనకు చాలినన్ని ఉన్నాయి.

మళ్లీ తాగడం

రిలాప్స్ సీను పెట్టాలా వద్దా అని చాలామంది అడుగుతారు. అమెరికాలోని జాతీయ మాదకద్రవ్యాల అధ్యయన సంస్థ చికిత్స పొందినవాళ్లలో 40 నుంచి 60 శాతం మందికి రిలాప్స్ వస్తుందని, ఆ పరిస్థితి రక్తపోటు, ఉబ్బసం రోగుల్లో కనిపించేదానికి దగ్గరగా ఉంటుందని చెబుతుంది. కాబట్టి పెట్టినా అబద్ధం కాదు, పెట్టకపోయినా అబద్ధం కాదు. పెడితే మాత్రం గ్లాసు దగ్గర మొదలుపెట్టకండి. వారాల ముందే మొదలవుతుంది. మీటింగులు మానేస్తాడు, అడిగితే పని ఎక్కువగా ఉందంటాడు. భోజనం వేళ తప్పుతుంది. రాత్రుళ్లు నిద్ర ఉండదు. మానేసిన తర్వాత నిద్ర సరిపడటానికి నెలలు పడుతుందని చాలామందికి తెలియదు, ఆ అలసటను మీరు వాడుకోవచ్చు. చిన్న చిన్న విషయాలు దాస్తాడు, తాగుడుతో సంబంధం లేనివి కూడా. కుటుంబం వీటిని చూస్తుంది, పేరు పెట్టడానికి భయపడుతుంది. అసలు ఉత్కంఠ ఈ వారాలదే.

తాగిన తర్వాత ఏం జరుగుతుందో ఇంకా ముఖ్యం. అలన్ మార్లట్ అనే మనస్తత్వవేత్త దీన్ని పరిశీలించాడు. ఒక్క గ్లాసు పడగానే 'ఇన్నాళ్ల కష్టం బూడిదైంది, నేనింతే' అన్న ఆలోచన వస్తుంది. ఆ ఆలోచనే ఒక్క గ్లాసును వారం రోజుల తాగుడుగా మారుస్తుంది. అందుకని ఆ రాత్రి అతను ఎవరికి ఫోను చేస్తాడు, ఆ మనిషి ఎత్తుతాడా, ఎత్తి ఏమంటాడు అన్నదాని మీద మీ సీను నిలబడాలి. హెరాయిన్ లాంటి మత్తు అయితే ఒక విషయం మరవకండి. కొన్ని వారాలు దూరంగా ఉన్నాక శరీరానికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, పాత మోతాదే ప్రాణం తీస్తుంది. చికిత్స పూర్తిచేసుకుని ఇంటికి వచ్చిన కొత్తరోజులే అన్నిటికంటే జాగ్రత్త అవసరమైన రోజులు. శ్వాస ఆగిపోతున్న మనిషికి నాలోక్సోన్ అనే మందు అందితే బతికే అవకాశం ఉంది. ఇంట్లోవాళ్లు దాన్ని వాడే సీను మీ సినిమాలో ఉంటే, అది చూసినవాళ్లలో ఒకరికైనా పనికొస్తుంది.

రెండు సినిమాల్లో చూడాల్సినవి

రాయబోయేముందు ఈ రెండూ చూడండి. బ్లేక్ ఎడ్వర్డ్స్ 1962లో తీసిన 'డేస్ ఆఫ్ వైన్ అండ్ రోజెస్'లో భార్యాభర్తలిద్దరూ తాగుతారు. భర్త మానేస్తాడు, భార్య మానలేకపోతుంది. ప్రేమ తగ్గలేదు, అయినా ఒక ఇంట్లో ఉండలేరు. చివరికి వాళ్లను కలపకుండా వదిలేసిన ధైర్యాన్ని గమనించండి. జొనాథన్ డెమీ 2008లో తీసిన 'రేచెల్ గెటింగ్ మ్యారీడ్'లో చికిత్సాకేంద్రం నుంచి అక్క పెళ్లికి వచ్చిన అమ్మాయి కథ ఉంది. తండ్రి, కాబోయే అల్లుడు గిన్నెలు కడిగే యంత్రంలో ఎవరు బాగా సర్దుతారో అని పందెం వేసుకుంటారు, అందరూ కేరింతలు కొడుతుంటారు. ఆ సందడిలో తండ్రి చేతికి ఒక చిన్న ప్లేటు వస్తుంది, అది చనిపోయిన తమ్ముడిది. అతని చావుకు కారణం మత్తులో కారు నడిపిన ఈ అమ్మాయే. ఒక్క ప్లేటుతో గది మొత్తం చల్లబడుతుంది. మీ కథలోని ఇంట్లో ఆ ప్లేటు ఏదో వెతకండి.

కెమెరా సంగతికొస్తే, గ్లాసులో పోసే క్లోజప్‌లు, వెలుతురు పడి మెరిసే సీసాలు, సూది గుచ్చే షాట్లు వద్దు. కోలుకుంటున్నవాళ్లు కూడా మీ సినిమాకు వస్తారు. ఆ దృశ్యాలు, ఆ చప్పుళ్లు వాళ్లలో యావను లేపుతాయి. అతని చేతిని వదిలి, అతన్ని చూస్తున్నవాళ్ల ముఖం చూపించండి.

మనుషులను కలిసేటప్పుడు

ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో ఎవరైనా రాగల బహిరంగ మీటింగులు ఉంటాయి, సభ్యులకు మాత్రమే పరిమితమైనవి కూడా ఉంటాయి. మొదటిదానికే వెళ్లండి. మీరు రచయితనని ముందే చెప్పండి, రికార్డు చేయకండి, నోట్సు రాయకండి. అక్కడ విన్న ఏ ఒక్కరి జీవితాన్నీ గుర్తుపట్టేలా వాడుకోవద్దు. ఎవరితోనైనా విడిగా మాట్లాడాలంటే మానేసి కనీసం ఏడాది దాటినవాళ్లను వెతకండి. మొదటి నెలల్లో ఉన్నవాళ్లను పాత రోజుల గురించి తవ్వి తవ్వి అడగడం వాళ్లకు మంచిది కాదు. 'ఎంత తాగేవారు?' అని అడక్కండి. 'మానేశాక ఇంట్లో ఏది అన్నిటికంటే కష్టమైంది?' అని అడగండి. అదే ప్రశ్న వాళ్ల భార్యనో, కొడుకునో, వేరేగా, వేరే రోజు అడగండి. ఆ రెండు జవాబులు ఎక్కడ కలవవో అక్కడ మీ సినిమా ఉంది.

స్క్రిప్టు పూర్తయ్యాక ప్రతి సీను పక్కన అతను మానేసి ఎన్ని రోజులైందో అంకె వేయండి. 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎమ్-5 ప్రకారం జబ్బు లక్షణాలు లేకుండా 3 నెలలు గడిస్తే తొలిదశ ఉపశమనం, 12 నెలలు దాటితే నిలకడైన ఉపశమనం. యావ ఒక్కటి అప్పటికీ ఉండవచ్చు, ఆ గ్రంథం దాన్ని మినహాయిస్తుంది. మీ చివరి సీను పక్కన 40 అని ఉంటే, అందులో ఎవరి నోటా 'పూర్తిగా బాగైపోయాడు' అన్న మాట రాకూడదు. ఆ సీనులో ఇంట్లో కనీసం ఒకరు ఇంకా అతన్ని నమ్మకుండా ఉండాలి, అది ఎవరో మీరు ఎంచుకోండి.